స్లిప్ టెస్టుతోనే పాఠం: చెప్పింది నెల తర్వాత కూడా గుర్తుండేలా తరగతి నడపడం ఎలా

పాఠం చెప్పిన రోజు అడిగితే క్లాసంతా చేతులెత్తుతుంది. పదిహేను రోజులు పోయాక అదే ప్రశ్న వేస్తే సగం మంది తలలు దించుకుంటారు. ఇంట్లో చదవడం లేదనో, ఫోన్లు పాడుచేస్తున్నాయనో అనుకుని ఆ పాఠాన్నే మళ్లీ మొదటి నుంచీ చెబుతాం. అలా మళ్లీ చెప్పడం వల్ల ఒరిగేది తక్కువ. ఆ సమయంలో పుస్తకాలు మూయించి, గుర్తున్నది కాగితం మీద పెట్టమంటే ఫలితం చాలా ఎక్కువ. హైస్కూలు టీచర్లు, ట్యూషన్ చెప్పేవాళ్లు రేపటి పీరియడ్ నుంచే మొదలుపెట్టగలిగేలా ఆ పద్ధతి వివరాలు ఇవి.

ముందు ఆధారం చూద్దాం. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థులకు చిన్న వ్యాసం ఇచ్చారు. ఒక గుంపు దాన్ని నాలుగు విడతలు చదివింది. మరో గుంపు ఒక విడత చదివి, మిగతా మూడు విడతల్లో చూడకుండా గుర్తున్నంతా రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లకు 83 శాతం, రాసినవాళ్లకు 71 శాతం గుర్తుంది. వారం తర్వాత లెక్క తిరగబడింది: చదివినవాళ్లకు 40, రాసినవాళ్లకు 61. వారం తర్వాత ఎంత గుర్తుంటుందని ముందే అడిగితే, ఎక్కువ గుర్తుంటుందని ధీమాగా చెప్పింది నాలుగు విడతలు చదివిన గుంపే. సాయంత్రం స్టడీ అవర్లో పుస్తకం ముందేసుకుని ఊగుతూ చదివే పిల్లవాడికి అంతా వచ్చేసినట్టు అనిపించేది ఇందుకే. పిల్లవాడి మాట, ఆ రోజు క్లాసులో మనకు కనిపించే ఉత్సాహం, రెండూ నమ్మదగ్గ కొలతలు కావు.

2013లో జాన్ డన్‌లోస్కీ బృందం పిల్లలు వాడే పది చదువు పద్ధతులను పరిశీలించి, రెండింటికి మాత్రమే పెద్ద పీట వేసింది: తనను తాను పరీక్షించుకోవడం, చదువును రోజుల ఎడంతో విడగొట్టడం. మళ్లీ మళ్లీ చదవడం, కింద గీతలు గీయడం అట్టడుగున నిలిచాయి.

పరీక్షలకు మన దగ్గర కొరతేం లేదు కదా అనొచ్చు. నిజమే. స్లిప్ టెస్టులు, యూనిట్ టెస్టులు, వీకెండ్ టెస్టులు, ఫార్మేటివ్‌లు, సమ్మేటివ్‌లు. అయితే అవన్నీ మార్కుల రిజిస్టరు కోసం, ర్యాంకుల కోసం నడుస్తాయి. దిద్దిన పేపరు పది రోజులకు చేతికొస్తుంది. అప్పటికి పిల్లవాడు ప్రశ్న కూడా మరిచిపోయి ఉంటాడు. ఇక్కడ చెప్పే స్లిప్ టెస్టుకు మార్కులుండవు, రిజిస్టరుండదు. జవాబు సరిచూడటం అదే పీరియడ్‌లో అయిపోతుంది.

మొదటి ఎనిమిది నిమిషాలు

పిల్లలు గదిలోకి వచ్చేసరికి బోర్డు మీద ఐదు ప్రశ్నలు ఉండాలి. బెల్లు కొట్టాక రాయడం మొదలుపెడితే మూడు నిమిషాలు పోతాయి, గోల మొదలవుతుంది. ముందు పీరియడ్ వేరే క్లాసు ఉంటే ప్రశ్నలు చార్టు పేపరు మీద రాసుకొచ్చి తగిలించండి. ప్రశ్నల లెక్క ఇలా ఉండాలి: నిన్నటి పాఠం నుంచి రెండు, పోయిన వారం నుంచి రెండు, నెల కిందటి పాఠం నుంచి ఒకటి. నెల కిందటి ప్రశ్నే అన్నిటికన్నా విలువైనది. హడావిడిలో మనం వదిలేసేదీ అదే.

పుస్తకాలు, నోట్సులు సంచిలో. రఫ్ నోట్సు, పెన్ను మాత్రమే బల్ల మీద. నాలుగు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. తెలియని ప్రశ్నకు గీత పెట్టి వదిలేయకుండా ఏదో ఒక జవాబు ప్రయత్నించమనండి. ఆ తర్వాత మూడు నిమిషాలు మీరు ఒక్కో జవాబు చెబుతుంటే వాళ్లే వేరే రంగు పెన్నుతో సరిదిద్దుకుంటారు. తప్పయితే ఇంటూ కొట్టి ఊరుకోకుండా సరైన జవాబు పక్కన రాయాలి. ఈ సరిదిద్దడం లేకపోతే పద్ధతి ఎదురు తిరుగుతుంది. ముఖ్యంగా నాలుగు ఆప్షన్ల బిట్లలో తప్పు ఆప్షన్ ఎంచుకున్న పిల్లవాడికి అదే మనసులో నిలిచిపోయే ప్రమాదం ఉంది.

చివరి నిమిషం మీది. ఒక్కో ప్రశ్నకు ఎంతమందికి సరిపోయిందో చేతులు లెక్కపెట్టండి. నలభై మంది క్లాసులో 32 మందికి పైగా చేతులెత్తితే ఆ ప్రశ్నను మూడు వారాల తర్వాతకు జరపండి. ఇరవై మంది కూడా లేకపోతే కొత్త పాఠం ఆపి ఐదు నిమిషాలు అదే మళ్లీ, ఇంకో ఉదాహరణతో చెప్పండి. మధ్యలో ఉంటే రేపటి ఐదింటిలో మళ్లీ వేయండి. 80 శాతం దగ్గర గీత గీయడానికి ఆధారం ఉంది. అమెరికా విద్యా పరిశోధకుడు బరాక్ రోసెన్‌షైన్ తన వ్యాసంలో పేర్కొన్న నాలుగో తరగతి లెక్కల అధ్యయనంలో, మంచి ఫలితాలు తెచ్చిన టీచర్ల తరగతుల్లో పిల్లల జవాబుల్లో 82 శాతం సరైనవి. బలహీనంగా ఉన్నచోట 73.

అదే విషయాన్ని మళ్లీ అడగడానికి ఎన్నాళ్ల ఎడం ఇవ్వాలన్నది పరీక్ష ఎప్పుడన్నదాన్ని బట్టి మారుతుంది. నికోలస్ సెపీడా బృందం 2008లో వెయ్యి మందికి పైగా మనుషులతో చేసిన పరీక్షలో, వారంలో అడగబోయేదానికి ఒక రోజు ఎడం బాగా పనిచేసింది. ఏడాది తర్వాత అడగబోయేదానికి మూడు వారాల దగ్గర్లో ఎడం అవసరమైంది. జూలైలో చెప్పిన పాఠాన్ని మార్చిలో అడిగే మన పబ్లిక్ పరీక్షలకు వారాల ఎడమే సరిపోతుంది. ఆఖరి నెలలో రాత్రీ పగలూ చేయించే రివిజన్ ఆ పని చేయలేదు.

ప్రశ్న ఎలా ఉండాలి

ఖాళీలు నింపే ప్రశ్నలు రాయడం తేలిక కాబట్టి ఎక్కువగా వాటికే పోతాం. "మొక్కలు ____ సమక్షంలో ఆహారం తయారు చేసుకుంటాయి" అంటే అక్కడ సూర్యకాంతి అన్న మాట వాక్యమే అందించేస్తోంది. బదులుగా "ఆకులో పిండిపదార్థం ఉందో లేదో అయోడిన్‌తో చూసేముందు ఆకును స్పిరిట్‌లో ఎందుకు వేడిచేస్తాం? ఆ స్పిరిట్‌ను నేరుగా మంట మీద పెట్టకుండా నీళ్లున్న పాత్రలో ఎందుకు ఉంచుతాం?" అని అడిగి చూడండి. పత్రహరితం పోతేనే నీలిరంగు కనబడుతుందని, స్పిరిట్ మంటకు అంటుకుంటుందని రెండు విషయాలూ గుర్తు తెచ్చుకుని, కలిపి, రాయాలి. ఇలాంటివి రోజుకు ఒకటి చాలు. మిగతా నాలుగూ చిన్నవి ఉండొచ్చు.

ప్రతి పాఠం చివర ఐదు ప్రశ్నలు చిన్న అట్టముక్కల మీద రాసి, వెనక తేదీ వేసి డబ్బాలో పడేసుకోండి. అడిగినప్పుడల్లా ఇంకో తేదీ. రెండు నెలల్లో మీ సొంత బిట్ బ్యాంకు తయారవుతుంది, ఏది చాలారోజులుగా అడగలేదో వెనక చూస్తే తెలిసిపోతుంది.

లెక్కలు కలగలపండి

లెక్కల టీచర్లు తప్పకుండా చేయాల్సిన మార్పు ఇది. మన పుస్తకాల్లో అభ్యాసాలు ఒకే రకం లెక్కల వరుస. శంకువు ఘనపరిమాణం చెప్పాక పది లెక్కలూ శంకువు ఘనపరిమాణాలే. మొదటి రెండూ చేశాక పిల్లవాడు ప్రశ్న చదవడం మానేస్తాడు. అంకెలు ఏరుకుని సూత్రంలో వేస్తాడు, జవాబు వస్తుంది. పబ్లిక్ పేపర్లో మాత్రం ఏ సూత్రమో ఎవరూ చెప్పరు.

వ్యాసార్థం 7 సెం.మీ., ఎత్తు 24 సెం.మీ. ఉన్న శంకువును తీసుకోండి. "దీని ఆకారంలో టోపీ చేయడానికి ఎంత కాగితం కావాలి?" ఒక లెక్క. "దీనిలో ఎంత ఇసుక పడుతుంది?" ఇంకో లెక్క. మొదటిదానికి ఏటవాలు ఎత్తు 25 అని కనుక్కుని, వక్రతల వైశాల్యం 550 చ.సెం.మీ. తేవాలి. రెండోదానికి ఏటవాలు ఎత్తుతో పనే లేదు, ఘనపరిమాణం 1232 ఘ.సెం.మీ. అంకెలు అవే, అడిగింది వేరు. ఈ రెండూ పక్కపక్కన పెడితేనే పిల్లవాడు ఆగి ఆలోచిస్తాడు. వాటి మధ్యలో ఒక స్థూపం, ఒక పైథాగరస్, పోయిన నెల శాతాల లెక్క ఒకటి దూర్చండి.

డగ్ రోరర్ బృందం ఫ్లోరిడాలో ఏడో తరగతి పిల్లలతో, 54 తరగతుల్లో చేసిన ప్రయోగం 2020లో వచ్చింది. నెలల తరబడి కొన్ని తరగతులకు కలగలిపిన వర్క్‌షీట్లు, కొన్నిటికి ఒకే రకం లెక్కల వర్క్‌షీట్లు ఇచ్చారు. నెల తర్వాత చెప్పకుండా పెట్టిన పరీక్షలో కలగలిపినవాళ్లకు 61 శాతం, మిగతావాళ్లకు 38 శాతం వచ్చింది. పుస్తకం మార్చనక్కర్లేదు. అభ్యాసంలో పది లెక్కలుంటే ఆ రోజు నాలుగే ఇచ్చి, మిగతా ఆరింటినీ వచ్చే మూడు వారాల హోంవర్కుల్లోకి చెదరగొట్టండి.

మొదటి రెండు వారాలు హోంవర్కులో తప్పులు పెరుగుతాయి. పిల్లలు కష్టంగా ఉందంటారు, కొందరు తల్లిదండ్రులు పాఠం సరిగా చెప్పడం లేదని ఫోను చేస్తారు. ఈ దశలో భయపడి పాత దారికి వెళ్లిపోవడమే పెద్ద నష్టం. మొదటి రోజే పిల్లలకు 83-71, 40-61 అంకెలు బోర్డు మీద వేసి చూపించండి. పెద్ద క్లాసుల పిల్లలు వాటిని బాగా అర్థం చేసుకుంటారు.

ఒక జాగ్రత్త. పూర్తిగా కొత్త పద్ధతిని కలగలిపి మొదలుపెట్టకూడదు. కొత్తది చెప్పేటప్పుడు పూర్తిగా చేసిన లెక్క ఒకటి బోర్డు మీద ఉంచండి. దాని పక్కన అలాంటిదే చివరి మెట్టు ఖాళీగా, ఆ తర్వాత రెండు మెట్లు ఖాళీగా, చివరికి ప్రశ్న మాత్రమే. బీజగణితంలో కొత్తవాళ్లు అన్నీ సొంతంగా చేయడం కన్నా, చేసిన లెక్కలను చదవడం ద్వారా త్వరగా నేర్చుకుంటారని గ్రాహం కూపర్, జాన్ స్వెల్లర్ 1985లోనే చూపారు.

క్లాసులో నోటితో అడిగేటప్పుడు

"అర్థమైందా?" అంటే "అయింది సార్!" అని కోరస్ వస్తుంది. దానివల్ల మీకు తెలిసేది ఏమీ లేదు. ప్రశ్న వేయండి, మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టండి, అప్పుడు పేరు పిలవండి. పేరు ముందు పిలిస్తే మిగతా ముప్పై తొమ్మిది మంది ఆలోచించడం ఆపేస్తారు. టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయని, మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడతారని మేరీ బడ్ రో 1970ల్లోనే నమోదు చేశారు. అందరి జవాబూ ఒకేసారి చూడాలంటే పలకలు తెప్పించండి. టెన్త్ పిల్లలకైనా సరే, రాసి పైకెత్తమంటే ఒక్క చూపులో క్లాసు పరిస్థితి తెలుస్తుంది.

నోట్సు దిద్దేటప్పుడు మార్కు వేయకండి, వ్యాఖ్య మాత్రమే రాయండి. రూత్ బట్లర్ 1988లో ఐదు, ఆరు తరగతుల పిల్లలతో చేసిన ప్రయోగంలో, వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు మెరుగుపడ్డారు. మార్కుతో కలిపి వ్యాఖ్య ఇస్తే మార్కు ఒక్కటే ఇచ్చినట్టే అయింది. వ్యాఖ్య కూడా "గుడ్", "ఇంప్రూవ్" అని కాకుండా చేయాల్సిన పని చెప్పాలి: "ఏటవాలు ఎత్తు బదులు ఎత్తు వేశావు, మూడో లెక్క మళ్లీ చెయ్యి."

ట్రైనింగుల్లో ఇప్పటికీ వినిపించే "చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు" అన్న విభజన మీద సమయం పెట్టకండి. అలా విడగొట్టి చెప్పడానికి తగిన ఆధారం లేదని హెరాల్డ్ పాష్లర్ బృందం 2008లోనే తేల్చింది.

చదవడమే రాని పిల్లలుంటే

పైన చెప్పిన ఏదీ వాక్యం చదవలేని పిల్లవాడికి పనికిరాదు. అలాంటివాళ్లు కొద్దిమందేం కాదు. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2022లో దేశంలోని గ్రామీణ ప్రాంతాల ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 42.8 శాతం. ఒక్కో పిల్లవాడితో రెండు మూడు నిమిషాలు కూర్చుని అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ వరుసగా చదివించి చూడండి. ఎక్కడ ఆగితే ఆ గుంపులో వేయండి, తరగతితో సంబంధం లేకుండా. రోజూ గంట ఆ స్థాయిలోనే పని. వడోదర, ముంబైల్లో ప్రథమ్ స్వచ్ఛంద సంస్థ వెనకబడిన పిల్లలను రోజుకు రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి చదివిస్తే మార్కులు గట్టిగా పెరిగాయని అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం 2007లో ప్రచురించింది.

పరీక్ష పెట్టి ఊరుకుంటే లాభం లేదని చూపిన అధ్యయనం మన దగ్గరిదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో ఏ పిల్లవాడు ఎక్కడ ఆగాడో వివరంగా నివేదికలు టీచర్లకిచ్చారు, బడులకు వెళ్లి చూశారు. చూస్తున్నప్పుడు టీచర్లు శ్రద్ధగానే చెప్పారు. ఏడాది చివర పిల్లల మార్కులు మాత్రం మిగతా బడులకన్నా పెరగలేదు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2010లో దీన్ని ప్రచురించారు. కాబట్టి చేతులు లెక్కపెట్టాక మర్నాటి పాఠంలో ఏదో ఒకటి మారాలి. మార్చబోయేది అదే రోజు డైరీలో ఒక వాక్యం రాసుకోండి.

పనిచేస్తోందో లేదో చూడటానికి

ఒకే క్లాసు రెండు సెక్షన్లు మీకుంటే రెండు పాఠాలు ఎంచుకోండి. మొదటి పాఠం A సెక్షన్‌కు ఈ పద్ధతిలో, B సెక్షన్‌కు మామూలుగా. రెండో పాఠానికి సెక్షన్లు మార్చండి. అప్పుడు తెలివైన సెక్షన్, తేలిక పాఠం అన్న తేడా లెక్కలోకి రాదు. ఒక్కో పాఠం ముగిసిన 30 రోజులకు, ముందు చెప్పకుండా, స్లిప్ టెస్టుల్లో అడగని పది కొత్త ప్రశ్నలు రెండు సెక్షన్లకూ ఒకే రోజు పెట్టండి. తేడా కనబడకపోతే మూడు చోట్ల వెతకండి: నెల కిందటి ప్రశ్న రోజూ వేస్తున్నారా, జవాబులు అదే పీరియడ్‌లో సరిదిద్దుకుంటున్నారా, రాసే ఆ నాలుగు నిమిషాలు పక్కవాడి నోట్సులోకి చూపులు పోతున్నాయా. మూడోది జరుగుతుంటే, ఎవరో ఎక్కడో ఆ స్లిప్పులకు మార్కులు వేయడం మొదలుపెట్టి ఉంటారు.