పాత ఎంజీబీ కొనేముందు తలుపు సందు చూడండి

పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కొనేటప్పుడు చాలామంది ముందు ఇంజిన్ చప్పుడు వింటారు. నేనైతే తలుపుల కింది భాగం చూడమంటాను. 1962 నుంచి 1980 వరకు తయారైన ఎంజీబీనే తీసుకోండి. దానికి విడిగా ఛాసిస్ (అడుగున ఉండే ఫ్రేము) ఉండదు, బాడీయే బరువు మోయాలి. ఓపెన్ టాప్ మోడల్‌లో ఆ భారం ఎక్కువగా తలుపుల కింద ఉండే సిల్స్ మీద పడుతుంది. అవి లోపల్నుంచి తుప్పు పట్టిపోతున్నా పైన పెయింట్ మెరుస్తూనే ఉంటుంది.

అందుకే కారును ఒక పక్క జాకీతో ఎత్తించి, అటువైపు తలుపు తెరిచి మూయండి. తలుపుకీ బాడీకీ మధ్య సందు తగ్గినా, తలుపు పట్టేసినా సిల్ బలం పోయినట్టే. అలాంటి కారు ఎంత ముద్దొచ్చినా వదిలేయండి. ఇంజిన్ విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి కానీ, బాడీ కోయించి వెల్డింగ్ చేయించడం మొదలైతే ఖర్చుకు అంతుండదు.

కొన్నాక తాళం తిప్పగానే వెనక నుంచి టిక్ టిక్ అని వినిపిస్తే టెన్షన్ పడకండి. అది పెట్రోల్ పంపు, కార్బొరేటర్లు (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కు పంపేవి) నిండగానే ఆగిపోతుంది. తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఉంచినా ఆ చప్పుడు ఆగకపోతే మాత్రం పెట్రోల్ కారుతోందేమో వెంటనే చూడండి. 1967 చివరి దాకా వచ్చిన కార్లలో మొదటి గేరుకు సింక్రో (బండి కదులుతున్నా గేరు సాఫీగా పడేలా చేసే ఏర్పాటు) లేదు, బండి పూర్తిగా ఆగాకే వేయండి. ఎస్‌యూ కంపెనీ కార్బొరేటర్ల పైన నల్లటి మూతలు విప్పి నూనె ఉందో లేదో అప్పుడప్పుడు చూసుకోండి. అది అయిపోతే యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బండి తడబడుతుంది.