డిష్ తిప్పే ముందు పైపు నిలువు చూడండి: గోదావరి జిల్లాల్లో సిగ్నల్ సమస్యలు, పరిష్కారాలు

సిగ్నల్ పోయిందనగానే పానా పట్టుకుని డాబా ఎక్కి డిష్ నట్లు వదులు చేసేస్తారు. అది ఆఖర్న చేయాల్సిన పని. తప్పు కేబుల్లో ఉండి మీరు డిష్ కదిపితే ఉన్న తప్పుకు ఇంకోటి తోడవుతుంది. ఆ తర్వాత కేబుల్ బాగుచేసినా బొమ్మ రాదు. నట్టు మీద పానా పెట్టకముందే మార్కర్‌తో రెండు గీతలు గీయండి: పైపు మీద క్లాంపు అంచు దగ్గర ఒకటి, ఎత్తు స్కేలు దగ్గర ఒకటి. ఏం జరిగినా తిరిగి మొదటికి రావచ్చు.

మన ప్రాంతపు కోణాలు

ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంది. అమలాపురం నుంచి చూస్తే ఉత్తరం నుంచి కుడివైపుగా 144 డిగ్రీల దిక్కులో, అంటే ఆగ్నేయం నుంచి కాస్త దక్షిణానికి జరిగి, నేల నుంచి 66 డిగ్రీల ఎత్తులో కనిపిస్తుంది. టాటా ప్లే 83 డిగ్రీలు: దాదాపు దక్షిణమే (176), ఎత్తు 70. డిష్ టీవీ 95 డిగ్రీలు: దిక్కు 141, ఎత్తు 65. ఎయిర్‌టెల్ 108.2 డిగ్రీలు: దిక్కు 120, ఎత్తు 54. రాజమండ్రి, కాకినాడ, భీమవరం, నరసాపురం ఎక్కడైనా ఎత్తు ఇంచుమించు ఇంతే, దిక్కు మాత్రం ఒకటి రెండు డిగ్రీలు మారుతుంది.

మన ఇళ్ల మీద ఉండేవి ఆఫ్‌సెట్ డిష్‌లు, అంటే ఎల్‌ఎన్‌బీ (సిగ్నల్ పట్టే చిన్న పరికరం) నడిమధ్యన కాక కింది నుంచి వచ్చే చేయి కొసన ఉండేవి. 66 డిగ్రీల ఎత్తును చూసే డిష్ ముఖం నిలువు నుంచి వెనక్కి వాలేది 41 నుంచి 44 డిగ్రీలే, మిగతాది ఎల్‌ఎన్‌బీ చేయి వంపులో కలిసి ఉంటుంది. ఫోన్‌లో కోణం చూసి డిష్ ముఖాన్నే 66కి వంచితే అది నడినెత్తికి గురి పెడుతుంది. డిష్ పై అంచుకూ కింది అంచుకూ ఆనేలా తిన్నని కర్ర పెట్టి, దాని మీద ఫోన్ ఆనించి కొలవండి.

దిక్కుకు ఫోన్ కంపాస్ సరిపోతుంది. కాకపోతే పైపు పక్కన, స్లాబు ఊచల మీద నిలబడి చూస్తే అబద్ధం చెబుతుంది. కింద ఖాళీ స్థలంలో చూసి, దూరాన కనిపించే ఒక చెట్టునో ట్యాంకునో గురిగా పెట్టుకోండి. భారత కాలమానపు 82.5 డిగ్రీల రేఖ కాకినాడ పక్కనుంచే పోతుంది. అందుకని డిసెంబరు చివర్లో మధ్యాహ్నం 12కి వేలాడదీసిన దారం నీడ సరిగ్గా ఉత్తరానికే పడుతుంది. కంపాస్ మీద అనుమానం ఉంటే దాంతో సరిచూసుకోండి.

స్ట్రెంగ్త్, క్వాలిటీ రెండూ సున్నా

ఇవి బాక్సు సిగ్నల్ మెనూలో కనిపించే రెండు కొలతలు. రెండూ సున్నా అయితే చాలావరకు తప్పు కేబుల్ కొసలోనే. బాక్సు ప్లగ్గు పీకి, ఎల్‌ఎన్‌బీ దగ్గరి ఎఫ్ కనెక్టర్ (కేబుల్ కొసన మర తిప్పి బిగించే లోహపు ముక్క) విప్పి చూడండి. మధ్య తీగ మీద పచ్చటి చిలుము, అల్లిక తీగ నల్లబడటం, లోపల తడి కనిపిస్తే కోసేయాల్సిందే. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు గాలికి ఇది ఇంకా తొందరగా వస్తుంది. నల్లబడిన మేరంతా, కనీసం జానెడు, తీసేసి కొత్త కనెక్టర్ వేయండి. మధ్య తీగ కనెక్టర్ అంచు దాటి 1 నుంచి 2 మిల్లీమీటర్లు బయటికి రావాలి. అల్లికలోని ఒక్క పోగు దానికి తగిలినా షార్టే. పైన తనలో తానే అతుక్కునే రబ్బరు టేపు కింది నుంచి పైకి చుట్టండి. మామూలు నల్ల టేపు ఎండకు జిగురు వదిలేస్తుంది. కనెక్టర్‌కు ముందు కేబుల్ కిందికి వేలాడేలా వంపు ఉంచితే నీళ్లు అక్కడే కారిపోతాయి.

స్ట్రెంగ్త్ నిండుగా ఉంది, క్వాలిటీ సున్నా

కేబుల్, ఎల్‌ఎన్‌బీ బతికే ఉన్నాయని మాత్రమే స్ట్రెంగ్త్ చెబుతుంది. డిష్‌ను గోడకు తిప్పినా అది కాస్తో కూస్తో చూపిస్తుంది. మీరు చూడాల్సింది క్వాలిటీ ఒక్కటే. డిష్ దారి తప్పి ఉండాలి, లేదా పక్క ఉపగ్రహం మీద ఉండాలి. 91.5, 93.5, 95 పక్కపక్కనే ఉన్నాయి, 60 సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు దాదాపు 3 డిగ్రీలు, కాబట్టి పొరపాటు సులువు. ఫ్రీ డిష్ బాక్సులో ఎల్‌ఎన్‌బీ రకం యూనివర్సల్, 9750-10600 అని ఉందో లేదో కూడా చూడండి. అది మారిపోతే ఆకాశమంతా తిప్పినా దొరకదు.

కొన్ని ఛానళ్లు వస్తాయి, కొన్ని రావు

రెండు పోలరైజేషన్లూ (సిగ్నల్ తరంగం నిలువుగా ఊగేది, అడ్డంగా ఊగేది) వాడే సర్వీసు అయితే ముందు వోల్టేజీని అనుమానించండి. బాక్సు నిలువుకు 13 వోల్టులు, అడ్డానికి 18 వోల్టులు పంపుతుంది. చిలుము పట్టిన కనెక్టర్ దగ్గర 18 కాస్తా పడిపోతే ఎల్‌ఎన్‌బీ అడ్డానికి మారదు, ఆ ఛానళ్లన్నీ ఒక్కసారే పోతాయి. మల్టీమీటర్‌తో కేబుల్ విప్పి కొలిస్తే 18 చూపించవచ్చు, లోడు లేనప్పుడు అది మోసమే. కనెక్టర్లు రెండు వైపులా మార్చి చూడటమే మేలు. అవి బాగుంటే ఎల్‌ఎన్‌బీని దాని పట్టులో కొద్దికొద్దిగా తిప్పి, రాని ఛానల్ క్వాలిటీ ఎక్కడ పెరుగుతుందో చూసి అక్కడ బిగించండి.

కోణాలన్నీ సరిగ్గా పెట్టినా దొరకదు, లేదా వానలు మొదలవగానే పోతుంది

అందరినీ తిప్పలు పెట్టేది ఇదే. స్కేలు 66 చూపిస్తుంది, కంపాస్ 144 చూపిస్తుంది, ఎంత తిప్పినా క్వాలిటీ లేవదు. లేదా ఎక్కడో పొంతన లేని దిక్కులో, పొంతన లేని ఎత్తులో నీరసంగా దొరుకుతుంది. అలాంటప్పుడు ఎల్‌ఎన్‌బీ మారుస్తారు, బాక్సు మారుస్తారు. తప్పు మాత్రం పైపులో ఉంటుంది: అది నిట్టనిలువుగా లేదు.

కంటితో చూస్తే తెలియదు, ఎందుకంటే పక్కనున్న గోడా అంతే వాలి ఉండొచ్చు. 60 సెంటీమీటర్ల పైపుకు పై కొస 1 సెంటీమీటరు పక్కకు జరిగితే 1 డిగ్రీ వాలినట్టు. ఉపగ్రహం వైపుకో, దానికి ఎదురు వైపుకో 3 డిగ్రీలు వాలితే ఎత్తు కోణం నేరుగా 3 డిగ్రీలు తప్పుతుంది, ఆ ఉపగ్రహం డిష్ చూపులోంచి బయటికి పోయినట్టే. పక్కకు వాలితే ఇంకా చిక్కు. ఎత్తు సరిగ్గానే ఉన్నట్టుంటుంది, కానీ 66 డిగ్రీల ఎత్తున్న ఉపగ్రహానికి 3 డిగ్రీల పక్క వాలు దిక్కును దాదాపు 7 డిగ్రీలు తప్పిస్తుంది. టాటా ప్లే ఎత్తులో అయితే 8 దాటుతుంది. ఉపగ్రహం ఎంత పైన ఉంటే పైపు వాలు అంత దెబ్బ తీస్తుంది, మనకు అవి బాగా పైనే ఉన్నాయి. పైగా వాలిన పైపు మీద డిష్ తిప్పుతుంటే ఎత్తు కూడా మారిపోతుంటుంది, కాబట్టి ఎడమ నుంచి కుడికి ఎంత ఓపికగా వెతికినా చూపు ఉపగ్రహం పైనుంచో కిందనుంచో దాటిపోతుంది.

డెల్టాలో పైపు ఎందుకు వాలుతుందో చూడండి. పిట్టగోడ మీద బోల్టు ఇటుకలో కాక పైపూతలోనే పట్టుకుని ఉంటుంది, ఒక వానాకాలం నానితే కదులుతుంది. పెరట్లో పాతిన పైపు కింద నల్లమట్టి వేసవిలో బీటలు వారి, వానకు ఉబ్బి, పైపును తోసేస్తుంది. రొయ్యల చెరువు గట్టు మీద కాపలా షెడ్డు పక్కన పాతినదైతే మరీ అన్యాయం, గట్టు నానగానే చెరువు వైపుకు ఒరుగుతుంది. వేసవిలో బాగున్న బొమ్మ జూలైలో పోవడానికి కారణం ఇదే.

తాపీమేస్త్రి తూకం గుండుగానీ, దారానికి కట్టిన నట్టుగానీ పైపు పక్కన వేలాడదీయండి. పైన, కింద దారానికీ పైపుకూ మధ్య సందు సమానంగా ఉండాలి. ఒక్క వైపు చూసి వదిలేయకండి: దక్షిణం నుంచి ఒకసారి, తూర్పు నుంచి ఒకసారి. జె ఆకారపు పైపు అయితే క్లాంపు పట్టే పై భాగమే ముఖ్యం, కింద వంపు ఎలా ఉన్నా పరవాలేదు. తర్వాత పైపును చేత్తో ఊపండి. కదిలితే ఇప్పుడు నిలువుగా ఉన్నా లాభం లేదు.

బేస్ ప్లేటు వాలి ఉంటే పల్లం వైపు వాషర్లు వేయండి. బోల్టుల మధ్య 15 సెంటీమీటర్లు ఉంటే 2.5 మిల్లీమీటర్ల వాషరు దాదాపు 1 డిగ్రీ లేపుతుంది. బోల్టు పూతలో ఊగుతుంటే దాన్నే బిగిస్తూ కూర్చోకండి, పక్కన గట్టి ఇటుకలోనో కాంక్రీటులోనో కొత్త రంధ్రం వేయండి. నేలలో అయితే 60 సెంటీమీటర్ల లోతు గొయ్యి తీసి, పైపు అడుగున అడ్డంగా ఒక ఊచ వెల్డింగు చేయించి (లేకపోతే గాలికి పైపు తనలో తానే తిరుగుతుంది), కాంక్రీటు పోసి, అది గట్టిపడేదాకా తూకం చూస్తూ ఉండండి. చెరువు గట్టు మీద వీలైతే పైపు పాతకుండా షెడ్డు స్తంభానికే బిగించండి.

పైపు కుదిరాక ఎత్తు పెట్టి బిగించి, దిక్కు మాత్రం తిప్పండి. 38 మిల్లీమీటర్ల పైపు మీద క్లాంపు 1 మిల్లీమీటరు జరిగితే దిక్కు 3 డిగ్రీలు మారుతుంది. అంతకన్నా ఎక్కువ ఒక్కసారి జరపొద్దు, జరిపాక మూడు సెకన్లు ఆగండి, బాక్సు క్వాలిటీని ఆలస్యంగా చూపిస్తుంది. దొరక్కపోతే ఎత్తు ఒక డిగ్రీ మార్చి మళ్లీ. దొరికాక క్వాలిటీ పడిపోయే రెండు అంచులూ గుర్తు పెట్టి సరిగ్గా మధ్యలో ఆపండి. తర్వాత డిష్ పై అంచును వేలితో కాస్త వెనక్కి నొక్కి, ముందుకు లాగి చూడండి: ఏ వైపుకైనా క్వాలిటీ పెరిగితే ఎత్తు ఇంకా కుదరలేదు. నట్లను ఒకదాని తర్వాత ఒకటి అర చుట్టు చొప్పున బిగించండి. ఒకదాన్ని పూర్తిగా బిగిస్తే డిష్ ఆ వైపుకు లాగేస్తుంది.

గాలి వీస్తే బొమ్మ గళ్లు గళ్లుగా విరుగుతుంది

పైపు ఊగకపోతే కొబ్బరి మట్ట. చెట్టు తల డిష్ కన్నా 12 మీటర్లు పైన ఉంటే ఫ్రీ డిష్‌కు 5 మీటర్ల లోపు ఉన్న చెట్టే అడ్డం, ఎయిర్‌టెల్‌కు 9 మీటర్ల దాకా అడ్డమే. చెట్టు కొట్టక్కర్లేదు, డిష్‌ను డాబా మీద రెండు మూడు మీటర్లు జరిపితే చాలు. తడిసిన మట్టలు ఇంకా ఎక్కువ అడ్డుకుంటాయి.

మిగతావి

కుండపోత వానకు పది నిమిషాలు పోవడం మామూలే, చినుకులకే పోతే గురి కుదరలేదని అర్థం. మార్చి రెండో వారంలో, సెప్టెంబరు చివర్లో, ఫ్రీ డిష్‌కు ఉదయం 11 గంటల ప్రాంతంలో కొన్ని నిమిషాలు బొమ్మ పోతే సూర్యుడు ఉపగ్రహం వెనక్కి వచ్చాడంతే, డిష్ ముట్టుకోకండి. ఎల్‌ఎన్‌బీ చచ్చిపోవడం ఉంటుంది గానీ అరుదు. మూతి మీది ప్లాస్టిక్ పగిలి నీళ్లు చేరి ఉంటేనే దాన్ని మార్చండి.