కొత్త చిప్‌సెట్ వచ్చినప్పుడు మదర్‌బోర్డు మార్చాలా? నిర్ణయించుకునే పద్ధతి

ఏఎండీ గానీ ఇంటెల్ గానీ కొత్త చిప్‌సెట్‌ను (మదర్‌బోర్డు మీది పోర్టులనూ స్లాట్లనూ ప్రాసెసర్‌తో కలిపే చిప్‌ను) విడుదల చేసిన ప్రతిసారీ, ఏడాది రెండేళ్ల క్రితమే మంచి మదర్‌బోర్డు కొనుక్కున్నవారికి సైతం తమ కంప్యూటర్ పాతబడిపోయిందేమోనన్న అనుమానం మొదలవుతుంది. పెట్టె మీద అంకె పెరిగింది కనుక లోపల వేగమూ పెరిగే ఉంటుందని అనుకోవడం సహజమే గానీ, చిప్‌సెట్ విషయంలో ఆ లెక్క చాలాసార్లు తప్పుతుంది. ప్రాసెసర్‌ను మార్చకుండా కేవలం చిప్‌సెట్ కోసం బోర్డు మార్చడం వల్ల ఎక్కువమందికి చెప్పుకోదగిన లాభం ఉండదని నా అభిప్రాయం. లాభం ఉండే సందర్భాలు కొన్ని తప్పకుండా ఉన్నాయి. వాటిని గుర్తించాలంటే బోర్డు పేరును పక్కన పెట్టి, దాని మీద ఏ స్లాటు ప్రాసెసర్‌తో నేరుగా, ఏది చిప్‌సెట్‌తో కలిసి ఉందో, ఎన్ని లేన్లతో (సమాచారం నడిచే దారులతో) కలిసి ఉందో చూడాలి.

ఒకప్పుడు చిప్‌సెట్‌కు ఇంతకంటే పెద్ద పాత్ర ఉండేది. ర్యామ్‌ను, గ్రాఫిక్స్ కార్డును ప్రాసెసర్‌తో కలిపే పని నార్త్‌బ్రిడ్జ్ అనే చిప్ చేసేది కాబట్టి, మంచి చిప్‌సెట్ ఉన్న బోర్డులో అదే ప్రాసెసర్ కాస్త చురుగ్గా పనిచేసేది. ఏఎండీ 2003లో ఆప్టెరాన్, అథ్లాన్ 64లతో మెమరీ కంట్రోలర్‌ను ప్రాసెసర్ లోపలికి తీసుకువచ్చింది. ఇంటెల్ 2008లో తొలి కోర్ ఐ7లతో అదే పని చేసి, మరుసటి ఏడాది పీ55 తరం వచ్చేసరికి గ్రాఫిక్స్ కార్డు లేన్లను కూడా ప్రాసెసర్‌లోకి మార్చేసింది. ఇప్పుడు చిప్‌సెట్ చేతిలో మిగిలినవి యూఎస్‌బీ, సాటా పోర్టులు, అదనపు ఎం.2 స్లాట్లు (సన్నని ఎస్‌ఎస్‌డీలు పెట్టే చోట్లు), నెట్‌వర్క్, సౌండ్ వంటివి. ఓవర్‌క్లాకింగ్‌ను (ప్రాసెసర్‌ను నిర్ణీత వేగానికి మించి నడపడాన్ని) అనుమతించాలా వద్దా అన్నది కూడా తయారీ సంస్థ చిప్‌సెట్ స్థాయిని బట్టి నిర్ణయిస్తుంది. కాబట్టి బోర్డు మీది విద్యుత్ సరఫరా భాగం మరీ బలహీనంగా లేనంతవరకు, ఒకే ప్రాసెసర్‌ను, ఒకే ర్యామ్‌ను, ఒకే సెట్టింగులతో పాత బోర్డులోనూ కొత్త బోర్డులోనూ పెట్టి చూస్తే గేముల్లోనైనా వీడియో ఎడిటింగ్‌లోనైనా కనిపించే తేడా లెక్కలోకి తీసుకోదగినంత ఉండదు.

ఏఎండీ వారి ఏఎం5 సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్‌ను అమర్చే చోటు) చరిత్ర దీనికి మంచి ఉదాహరణ. 2022 సెప్టెంబరులో రైజెన్ 7000 ప్రాసెసర్లతో పాటు ఎక్స్670, ఎక్స్670ఈ బోర్డులు, అక్టోబరులో బీ650, బీ650ఈ బోర్డులు వచ్చాయి. 2024 సెప్టెంబరు 30న ఎక్స్870, ఎక్స్870ఈ అమ్మకానికి వచ్చాయి, 2025 జనవరిలో బీ850, బీ840 విడుదలయ్యాయి. ఆరు వందల నుంచి ఎనిమిది వందలకు పెరిగింది కనుక ఇదొక కొత్త తరమని ఎవరైనా అనుకుంటారు. నిజానికి బీ650, బీ850, ఎక్స్870 మూడింటిలోనూ ఉన్నది ప్రొమొంటరీ 21 అనే ఒకే చిప్, ఎక్స్670, ఎక్స్670ఈ, ఎక్స్870ఈ బోర్డుల్లో అదే చిప్ రెండు ఉంటాయి. మారినవి బోర్డు తయారీదారులకు ఏఎండీ పెట్టిన షరతులు. ఎక్స్870 పేరు పెట్టాలంటే వేగవంతమైన యూఎస్‌బీ4 పోర్టు ఉండి తీరాలి, గ్రాఫిక్స్ స్లాటుకూ కనీసం ఒక ఎం.2 స్లాటుకూ పీసీఐఈ 5.0 (ఆ లేన్ల ప్రమాణంలో ఐదో తరం) ఉండాలి. బీ850కి ఎం.2లో పీసీఐఈ 5.0 తప్పనిసరి, గ్రాఫిక్స్ స్లాటులో తయారీదారు ఇష్టం. ఈ రెండు చోట్లా పీసీఐఈ 5.0 ఉండాలన్న షరతు 2022 నాటి బీ650ఈకే ఉంది కాబట్టి, ఆ బోర్డు ఉన్నవారు బీ850కి మారితే చేతికొచ్చేది కొత్త పెట్టె మాత్రమే. ఇక బీ840 విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అంకె బీ650 కంటే పెద్దదైనా, బీ650లో ఉన్న ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ సౌకర్యం బీ840లో లేదు.

యూఎస్‌బీ4 వచ్చింది కదా, అది లాభం కాదా అని అడగవచ్చు. బయటి ఎస్‌ఎస్‌డీల నుంచి పెద్ద ఫైళ్లు రోజూ ఎక్కించుకునేవారికి అది నిజమైన లాభమే. కానీ దానికి కావలసిన లేన్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కూడా చూడాలి. రైజెన్ 7000, 9000 డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు మొత్తం 28 పీసీఐఈ లేన్లు ఉంటాయి. వాటిలో 4 చిప్‌సెట్‌కు, 16 గ్రాఫిక్స్ కార్డుకు, 4 మొదటి ఎం.2కు పోగా ఇంకో నాలుగే మిగులుతాయి. ఎక్స్870 బోర్డుల్లో విడిగా అమర్చే యూఎస్‌బీ4 కంట్రోలర్ ఆ నాలుగింటినీ తీసుకుంటుంది. అందుకే కొన్ని బోర్డుల్లో రెండో ఎం.2 స్లాటును వాడగానే యూఎస్‌బీ4 వేగం తగ్గడమో, గ్రాఫిక్స్ స్లాటు 16 లేన్ల నుంచి 8కి పడిపోవడమో జరుగుతుంది. పాత బీ650 బోర్డులో ప్రాసెసర్‌తో నేరుగా కలిసిన రెండు ఎం.2 స్లాట్లను వాడుకుంటున్న మనిషి, పైమెట్టు కదా అని ఎక్స్870కి మారి ఒకటి పొంది మరొకటి పోగొట్టుకోవచ్చు. ఈ సంగతి ప్రకటనలో ఉండదు. బోర్డు మాన్యువల్‌లో స్లాట్ల పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొనే ముందు ఆ మాన్యువల్‌ను తయారీదారు వెబ్‌సైట్ నుంచి ఉచితంగా దించుకుని చదవాలి. ఈ వ్యాసంలో చెప్పిన పనుల్లో ఒక్కటే చేసే తీరిక ఉంటే, అది ఇదే కావాలని నా మనవి.

ఇంటెల్ వైపు కథ కూడా పెద్ద భిన్నం కాదు. 2021 నాటి జెడ్690లో చిప్‌సెట్ ఇచ్చే లేన్లు 12 పీసీఐఈ 4.0, 16 పీసీఐఈ 3.0 కాగా, 2022 నాటి జెడ్790లో అవి 20, 8గా మారాయి. మొత్తం రెండింటిలోనూ 28, ప్రాసెసర్‌తో కలిపే లింకు కూడా ఒకటే. 12, 13, 14 తరాల ప్రాసెసర్లు మూడూ తగిన బయోస్‌తో (బోర్డును నడిపించే మూల సాఫ్ట్‌వేర్‌తో) రెండు బోర్డుల్లోనూ పనిచేస్తాయి. 13, 14 తరాల ప్రాసెసర్లలో తలెత్తిన అస్థిరతకు ఇంటెల్ 2024 ఆగస్టు నుంచి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల) సవరణలు విడుదల చేసింది, అవి బోర్డులకు బయోస్ రూపంలోనే అందాయి. అటువంటి ప్రాసెసర్ వాడుతున్నవారికి కొత్త బోర్డు కన్నా కొత్త బయోస్ అత్యవసరం.

ఇప్పుడు మీ కంప్యూటర్‌ను పరీక్షించుకునే పద్ధతి చూద్దాం. ముందుగా మీకు అడ్డుపడుతున్నదేమిటో ఒక కాగితం మీద స్పష్టంగా రాయండి. “స్లోగా ఉంది” అని కాక, “మూడో ఎస్‌ఎస్‌డీ పెట్టడానికి చోటు లేదు”, “ఫలానా గేములో ఫ్రేములు పడిపోతున్నాయి” అన్నట్లు రాయాలి. తర్వాత జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాం తెరిచి గ్రాఫిక్స్ కార్డు ఏ పీసీఐఈ తరంలో, ఎన్ని లేన్లతో నడుస్తున్నదో చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు విద్యుత్తు ఆదా కోసం కార్డు తక్కువ తరానికి దిగుతుంది కాబట్టి, ఆ కిటికీలోనే ఉన్న రెండర్ పరీక్షను నడిపి చూడాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాంలో ఎస్‌ఎస్‌డీ ఏ వేగపు లింకుపై ఉందో తెలుస్తుంది. సగం వేగంతో నడుస్తుంటే అది తప్పు స్లాటులో ఉందేమో చూసి, సరైన స్లాటులోకి మారిస్తే రూపాయి ఖర్చు లేకుండా పని పూర్తవుతుంది. గేములో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల వినియోగాన్ని గమనించండి. గ్రాఫిక్స్ కార్డు దాదాపు నూరు శాతం పనిచేస్తుంటే ఏ చిప్‌సెట్టూ మీకు సాయం చేయలేదు.

చిప్‌సెట్‌కు తగిలించిన పరికరాలన్నీ ప్రాసెసర్‌ను చేరే లింకు ఒక్కటే. ఒకే పంట కాలువ మీద ఆధారపడిన పొలాలన్నీ ఒకేసారి తూములు తెరిస్తే చివరి ఆయకట్టుకు నీరు అందనట్టు, ఆ లింకు మీద రెండు మూడు ఎస్‌ఎస్‌డీలు ఏకకాలంలో పూర్తి వేగంతో పనిచేయలేవు. ఏఎం5లో ఆ లింకు నాలుగు పీసీఐఈ 4.0 లేన్లది, సెకనుకు సుమారు 7.9 జీబీ. రెండు చిప్‌లున్న ఎక్స్670ఈ, ఎక్స్870ఈ బోర్డుల్లోనూ రెండో చిప్ మొదటిదాని వెనుకే తగులుకుని ఉంటుంది కాబట్టి పోర్టులు పెరుగుతాయే గానీ లింకు వెడల్పు పెరగదు. అయితే ఇంట్లో వాడే కంప్యూటర్లో అన్ని పరికరాలూ ఒకేసారి పనిచేసే సందర్భం అరుదు. పెద్ద వీడియో ఫైళ్లను ఒక ఎస్‌ఎస్‌డీ నుంచి మరొకదానికి మారుస్తూ, వేగవంతమైన నెట్‌వర్క్ మీద అదే సమయంలో బ్యాకప్ తీసే స్టూడియోల వంటి చోట్ల మాత్రం దీన్ని గట్టిగా లెక్కలోకి తీసుకోవాలి. పీసీఐఈ 5.0 ఎస్‌ఎస్‌డీలు సెకనుకు 14 జీబీ వరకు చదవగలవన్నది నిజమే, కానీ విండోస్ తెరుచుకోవడంలోనూ గేము లోడ్ కావడంలోనూ 7 జీబీ వేగపు ఎస్‌ఎస్‌డీతో పోలిస్తే మనిషికి తెలిసేంత తేడా ఉండదు.

ఏఎం5కి ముందు సాకెట్ అయిన ఏఎం4 బోర్డులు వాడేవారు మన దగ్గర ఇంకా ఎందరో ఉన్నారు కాబట్టి వారి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. బీ450 బోర్డులో పీసీఐఈ 3.0 ఉంటుంది. 2020లో వచ్చిన బీ550లో గ్రాఫిక్స్ స్లాటుకూ మొదటి ఎం.2కూ పీసీఐఈ 4.0 వచ్చింది. ఈ తేడా అందరికీ వర్తించదు. రైజెన్ 5 5600జీ, రైజెన్ 7 5700జీ, రైజెన్ 5 5500 ప్రాసెసర్లే పీసీఐఈ 3.0 వరకు పరిమితం కనుక, అవి ఉన్నవారు బీ550కి మారినా ఆ రెండు స్లాట్లలో వేగం ఇసుమంతైనా పెరగదు. రేడియన్ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ వంటి కార్డు ఉన్నవారికి మాత్రం తేడా కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. ఆ కార్డుకు నాలుగే లేన్లు, మెమరీ 4 జీబీయే. మెమరీ నిండినప్పుడు ఆ సన్నని లింకు మీదే ర్యామ్‌తో మాట్లాడాలి కాబట్టి పీసీఐఈ 3.0లో ఫ్రేములు బాగా పడిపోతాయి. 16 లేన్ల కార్డులకు ఆ ఇబ్బంది చాలా తక్కువ. ప్రాసెసర్ పాతదై బాధ పడుతుంటే, బోర్డును అలాగే ఉంచి బయోస్ అప్‌డేట్ చేసుకుని రైజెన్ 5000 వరుసలో ఒకటి పెట్టుకోవడమే అన్నిటికన్నా చౌకైన మార్గం. 2022లో ఏఎండీ 300 వరుస బోర్డులకు కూడా ఈ దారి తెరిచింది. బోర్డు తయారీదారు ఇచ్చే ప్రాసెసర్ల జాబితాలో మీ మోడల్‌కు ఆ ప్రాసెసర్ ఉందో లేదో చూసుకుంటే చాలు.

విండోస్ 10 మద్దతు 2025 అక్టోబరు 14న ముగియడంతో, విండోస్ 11 కోసం కొత్త బోర్డు తప్పదని కొందరు దుకాణదారులు చెబుతున్నారు. 8వ తరం ఇంటెల్ కోర్ లేదా రైజెన్ 2000 వరుస, ఆపై ప్రాసెసర్లున్న బోర్డుల్లో చాలావాటికి కావలసిన టీపీఎం 2.0 (తాళపు వివరాలను దాచే భద్రతా విభాగం) ఫర్మ్‌వేర్ రూపంలో ముందే ఉంటుంది. ఇంటెల్ బోర్డుల బయోస్‌లో పీటీటీ పేరుతోనూ ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం పేరుతోనూ ఉన్న దాన్ని ఆన్ చేసుకుంటే సరిపోతుంది.

సాకెట్టే మారవలసి వస్తే అప్పుడు చిప్‌సెట్ ప్రశ్న నిజంగా ముందుకొస్తుంది. ఏఎం4 నుంచి ఏఎం5కి గానీ, ఇంటెల్‌లో ఎల్‌జీఏ1851 సాకెట్‌కి గానీ వెళ్తే డీడీఆర్5 తప్ప మరో ర్యామ్ పనిచేయదు. కాబట్టి బోర్డు ధర ఒక్కటే చూడకుండా ప్రాసెసర్, ర్యామ్, అవసరమైతే కూలర్ అన్నీ కూడి, పాత సామాను అమ్మితే వచ్చేది తీసివేసి చూడాలి. 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు బాగా పెరగడంతో ఈ లెక్క మరీ బరువెక్కింది. అదే మొత్తంతో ఇప్పుడున్న బోర్డులోనే మెరుగైన గ్రాఫిక్స్ కార్డు వస్తుందేమో పోల్చుకోవాలి. గేముల కోసమైతే చాలాసార్లు అదే గెలుస్తుంది. అయినా మారాలనే తేలితే, 2027 వరకు, ఆ తర్వాతా ఏఎం5కి మద్దతిస్తామని ఏఎండీ చెప్పిన మాటకు కొంత విలువ ఇవ్వవచ్చు. బోర్డు మార్చకుండా మరో ప్రాసెసర్ పెట్టుకునే అవకాశం మీకు మిగిలి ఉంటుంది.

అలా కొనేటప్పుడు కొత్త చిప్‌సెట్ చవక బోర్డుకన్నా పాత చిప్‌సెట్ మంచి బోర్డు మేలు. విద్యుత్ సరఫరా భాగానికి సరైన హీట్‌సింకులు, మీకు కావలసినన్ని ఎం.2 స్లాట్లు, ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ మార్చుకునే సౌకర్యం ఉన్నాయా అని చూడండి. చివరిదాని విలువ పాత బీ650 బోర్డులో రైజెన్ 9000 ప్రాసెసర్ పెట్టినప్పుడు తెలుస్తుంది. పెట్టెలోని బయోస్ పాతదైతే ఆ సౌకర్యం లేకుండా కంప్యూటర్ తెరుచుకోదు. అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకోవాలనుకుంటే, ఆ బోర్డుకు భారతదేశంలో వారంటీ వర్తిస్తుందో లేదో తయారీదారు నిబంధనల్లో ముందే చూడాలి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీ వంటి చోట బిల్లుతో కొన్న బోర్డుకు ఉండే భరోసా, ధరలో మిగిలే కొద్దిపాటి తేడా కన్నా విలువైనది. పాత బోర్డు కొనేవారు సాకెట్‌లోని పిన్నులను మంచి వెలుతురులో పరీక్షించాలి. ఏఎం5లోనూ ఇటీవలి ఇంటెల్ సాకెట్లలోనూ పిన్నులు బోర్డు మీదే ఉంటాయి, వాటిలో ఒక్కటి వంగినా ర్యామ్ చానల్ ఒకటి పనిచేయకపోవచ్చు.

బోర్డు విప్పే ముందు బిట్‌లాకర్ (డ్రైవ్‌లోని సమాచారానికి తాళం వేసే విండోస్ సౌకర్యం) రికవరీ కీని వేరే చోట భద్రపరచి, బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపివేయండి. తాళపు వివరాలు పాత బోర్డు టీపీఎంతో ముడిపడి ఉంటాయి కాబట్టి, కీ లేకపోతే డ్రైవ్‌లోని సమాచారం చేజారిపోతుంది. విండోస్ లైసెన్సు రిటైల్‌దా, కంప్యూటర్‌తో వచ్చిన ఓఈఎందా అన్నదీ అప్పుడే చూసుకోవాలి. ఓఈఎం లైసెన్సు పాత బోర్డుకే పరిమితం కనుక, కొత్తది కొనవలసి వస్తే ఆ ధరను కూడా పైన వేసుకున్న లెక్కలో కలపండి.