డిడ్జరీడూ ఊదాలని ఉందా? ముందు ఎవరు ఊదొచ్చో తెలుసుకుని మొదలుపెట్టండి

డిడ్జరీడూ అంటే ఆస్ట్రేలియా ఆదివాసుల పొడవాటి చెక్క గొట్టం వాయిద్యం. అది కొనుక్కుని యూట్యూబ్ చూస్తూ ఊదేయడం పెద్ద కష్టమేం కాదండి, కానీ అది ఆ ఆదివాసుల్లో కొంతమంది క్రతువుల్లో, చావు కార్యక్రమాల్లో ఊదే వాయిద్యం కాబట్టి ఈ వరసలో వెళ్తే బాగుంటుంది.

1. ఎవరిదో తెలుసుకోండి. ఇది ఆస్ట్రేలియా ఆదివాసులందరిదీ కాదు. దీని పుట్టిల్లు ఆస్ట్రేలియా ఉత్తర భాగం, ముఖ్యంగా ఆర్నెమ్ ల్యాండ్ అనే ప్రాంతం. అక్కడి యోల్ంగు అనే ఆదివాసులు దీన్ని యిడాకి అంటారు, ఆర్నెమ్ ల్యాండ్ పడమటి వైపు వాళ్ళు మాగో అంటారు. సిడ్నీ, మెల్‌బోర్న్ వైపుకి ఇది చాలా తర్వాత చేరింది.

2. ఆడవాళ్ళు ఊదొచ్చా? అందరికీ వచ్చే డౌట్ ఇదే. ఆర్నెమ్ ల్యాండ్ క్రతువుల్లో ఊదేది మగవాళ్ళే, ఆడవాళ్ళకి నాట్యం, శోకపు పాటలు లాంటి వేరే బాధ్యతలు ఉంటాయి. అయితే క్రతువు బయట సరదాగా ఊదే ఆడవాళ్ళు ఆ ఉత్తర భాగంలో కొన్ని చోట్ల ఉన్నారని సంగీత పరిశోధకులు రాశారు. విచిత్రం ఏంటంటే, ఆడవాళ్ళు ముట్టుకోవడమే తప్పు అనే మాట గట్టిగా వినిపించేది ఈ వాయిద్యం తర్వాత చేరిన ఆగ్నేయం వైపు, అంటే సిడ్నీ, మెల్‌బోర్న్ ఉన్న వైపు. 2008లో అమ్మాయిల కోసం వేసిన ఒక పుస్తకంలో డిడ్జరీడూ ఎలా ఊదాలో రాశారని ఆదివాసీ విద్యావేత్తలు అభ్యంతరం చెప్తే, ప్రచురణ సంస్థ క్షమాపణ చెప్పింది.

అంటే అన్ని ఊళ్ళకీ ఒకటే రూల్ లేదు. ఆస్ట్రేలియాలో ఉంటే మాత్రం స్టేజీ ఎక్కేముందు, స్కూల్ ఫంక్షన్‌లో పిల్లల చేతికిచ్చేముందు ఆ ప్రాంతం ఆదివాసీ పెద్దల్ని అడగండి. వద్దంటే వాదించొద్దు, ఇంకో ఊళ్ళో ఇంకొకళ్ళు ఒప్పుకున్నారని చూపించొద్దు. మగవాళ్ళైనా అడగాల్సిందే.

3. చూసి కొనండి. అసలుది చెదలు లోపల తినేసి బోలు చేసిన యూకలిప్టస్ కొమ్మ, ఊదే చివర తేనెమైనం పూస్తారు. డిడ్జరీడూల్లాంటివి ఇండోనేషియాలో చేయించి ఆదివాసులు చేసినవని అమ్మిన ఒక కంపెనీకి 2019లో ఆస్ట్రేలియా కోర్టు 23 లక్షల డాలర్ల ఫైన్ వేసింది! చేసినవాళ్ళ పేరు, వాళ్ళ ఊరు చెప్పలేని షాపులో కొనొద్దు. ఆర్నెమ్ ల్యాండ్‌లోని యిర్కలా అనే ఊళ్ళో బుకు-లార్ంగాయ్ ముల్కా అని యోల్ంగు వాళ్ళ సొంత ఆర్ట్ సెంటర్ ఉంది, అలాంటి చోట కొంటే డబ్బు చేసినవాళ్ళకి చేరుతుంది.

4. ఇక ఊదడం. పెదాలు వదులుగా పెట్టి బుర్ర్‌మని అదిరించండి, గట్టిగా ఊదితే సౌండ్ రాదు. అది కుదిరాక శ్వాస తిప్పడం: బుగ్గల్లో గాలి నింపి, దాన్ని బుగ్గలతో నొక్కి బయటికి పంపుతూ, అదే టైంలో ముక్కుతో చిన్నగా పీల్చాలి. మన పాములవాళ్ళ నాగస్వరంలో పాట తెగకుండా ఉండేది ఇలాగే. గ్లాసు నీళ్ళలో స్ట్రా పెట్టి బుడగలు ఆగకుండా ప్రాక్టీస్ చేయండి, రోజూ కాసేపు చాలు, తల తిరిగితే వెంటనే ఆపేయండి.

5. క్రతువు పాటలు దించొద్దు. ఒక్కో వంశానికి దాని పాటలు, వాటికి కట్టిన లయలు సొంతం. రికార్డింగ్‌లో విన్నది అలాగే ఊది రీల్ పెట్టకుండా మీ సొంత లయ కట్టుకోండి, వీడియో కింద ఆ వాయిద్యం చేసినవాళ్ళ పేరు, ఊరు రాయండి.