గగన యుద్ధాన్ని కాగితం మీద గీసి చూడటం ఎలా

ఎవరైనా రెండు యుద్ధ విమానాల పేర్లు చెప్పి "వీటిలో ఏది గెలుస్తుంది?" అని అడిగితే, ముందు కాగితం, పెన్సిలు తెమ్మంటాను. చాలా ఏళ్లు విమాన రాడార్లు బాగుచేసే బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి. వేగమెంత, గిరికీలు ఎలా కొడుతుంది అన్నవి నాకు రెండో విడత ప్రశ్నలు. ఎవరు ఎవర్ని ముందు చూశారు, ఆ సంగతి అవతలివాడికి తెలిసిందా లేదా అన్నది మొదటిది.

కాగితానికి చెరో చివర ఒక చుక్క పెట్టండి. ఎడమది మనది, కుడిది శత్రువుది. మన రాడార్ చూపు చుట్టూతా ఉండదు, ముక్కు ముందు విసనకర్రలా విచ్చుకుంటుంది. అందుకని విసనకర్రే గీయండి. 5 చదరపు మీటర్ల లక్ష్యాన్ని 150 కిలోమీటర్ల దూరంలో పట్టుకుంటుందని అనుకుందాం. ఇది లెక్క కోసం నేను తీసుకున్న అంకె, ఏ విమానానిదీ కాదు. ఆ చదరపు మీటర్లు కూడా రెక్కల వైశాల్యం కాదు, రాడార్ క్రాస్ సెక్షన్. అంటే ఆ విమానం మన సిగ్నల్‌ని ఏ మేరకు తిప్పికొడుతుందో చెప్పే కొలత.

చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. క్రాస్ సెక్షన్ పదహారో వంతుకు తగ్గితే దూరమూ పదహారో వంతే అవుతుందనుకుంటారు. కాదు, సగమవుతుంది, 75 కిలోమీటర్లు. సిగ్నల్ వెళ్లేటప్పుడు పలచబడుతుంది, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ పలచబడుతుంది. అందువల్ల దూరం తగ్గేది క్రాస్ సెక్షన్ వర్గమూలానికి మళ్లీ వర్గమూలం లెక్కన. అలాగని సగమే కదా అని తీసిపారేయకండి. చెరో సెకనుకు 300 మీటర్ల చొప్పున ఎదురెదురుగా వస్తుంటే ఆ 75 కిలోమీటర్లకు 125 సెకన్లు పడుతుంది. స్టెల్త్ కోసం, అంటే రాడార్‌కి తక్కువగా కనబడటం కోసం పోసే డబ్బంతా ఆ రెండు నిమిషాల కోసమే.

ఇప్పుడు మొదటి విసనకర్ర బయట ఇంకా పెద్దది ఒకటి గీయండి. శత్రువు దగ్గరున్న రాడార్ వార్నింగ్ రిసీవర్ మన రాడార్‌ని పసిగట్టే హద్దు అది. వాడికి సిగ్నల్ ఒకవైపు ప్రయాణం చేస్తే చాలు, మనకి పోను రాను రెండూ కావాలి. కాబట్టి మనం చూడకముందే వాడు వింటాడు. రాడార్ వేయడమంటే దండోరా వేసినట్టే. ఏసా (AESA) అనే కొత్త తరహా రాడార్ అయితే ఈ రెండో గీతని చుక్కలతో గీస్తాను. వందల చిన్న మాడ్యూళ్లతో ఫ్రీక్వెన్సీ మారుస్తూ, కిరణాన్ని తృటిలో అటూ ఇటూ తిప్పుతుంది కాబట్టి దాన్ని పట్టుకోవడం పాత రిసీవర్లకు కష్టం.

నోరు మూసుకుని చూసే దారులూ ఉన్నాయి. వేడిని చూసే ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్ ఏమీ ప్రసరించదు. దిక్కు బాగా చెబుతుంది, దూరం దగ్గర తడబడుతుంది, మబ్బు అడ్డొస్తే చూపు మందగిస్తుంది. ఇక డేటాలింక్, అంటే ఒక విమానం చూసింది రేడియోలో ఇంకోదానికి అందించడం. వెనక మనవాడిదే ఇంకో విమానంగా మూడో చుక్క పెట్టి అక్కడి నుంచి మనకి గీత కలపండి. రాడార్ వేసేది అతను, గురిపెట్టేది మనం.

తర్వాత రబ్బరు తీసుకోండి, విసనకర్ర లోపలున్న శత్రువు చుక్కని కూడా ఒక్కోసారి చెరపాలి. కిందికి చూసే రాడార్‌ని నేల నుంచొచ్చే ప్రతిధ్వని ముంచేస్తుంది. అందుకని అది మనవైపు వచ్చే వేగాన్ని బట్టి విమానాన్నీ నేలనీ విడదీస్తుంది. శత్రువు సరిగ్గా మనకి అడ్డంగా తిరిగాడనుకోండి, మనవైపు వచ్చే వేగం సున్నా. నేలే కాబోలని రాడార్ వాణ్ణి లెక్కలోంచి తీసేస్తుంది. రికార్డింగుల్లో ఇది చూడటం నాకు భలే సరదా. తెర మీద గుర్తు పాత లెక్క ప్రకారం కాసేపు ముందుకే జరుగుతుంది, తర్వాత ఉన్నట్టుండి మాయం. ఆ కాసేపూ అది చూపించేది విమానాన్ని కాదు, ఊహని.

చుక్క కనబడితే చాలదు, అది ఎవరిదో తెలియాలి. 1994 ఏప్రిల్ 14న ఉత్తర ఇరాక్ మీద రెండు అమెరికన్ ఎఫ్-15లు తమ దేశపు బ్లాక్ హాక్ హెలికాప్టర్లనే రెండింటిని కూల్చాయి, 26 మంది చనిపోయారు. దానికి 27 ఏళ్ల ముందు, 1967 జనవరి 2న, వియత్నాంలో అమెరికన్లు ఇదే గందరగోళాన్ని కావాలని సృష్టించారు. ఎఫ్-4 ఫాంటమ్‌లకు ఎఫ్-105 బాంబర్లు మోసే జామర్లు (శత్రు రాడార్‌ని తికమకపెట్టే పరికరాలు) తగిలించి, వాటి దారిలోనే, రేడియోలో వాటి పిలుపు పేర్లతోనే పంపారు. బాంబర్లే అనుకుని వచ్చిన మిగ్-21లలో ఏడింటిని కూల్చామని ప్రకటించారు. కాబట్టి ప్రతి చుక్క పక్కనా ప్రశ్నార్థకం పెట్టి, అది ఎవరిదో ఎలా తెలిసిందో రాసుకున్నాకే ఆ ప్రశ్నార్థకాన్ని చెరపండి.

క్షిపణి రేంజిని బ్రోచర్‌లో ఉన్నట్టు గీయకండి. అది ఎత్తులో, వేగంగా ఎదురొచ్చే లక్ష్యానికి చెప్పిన మాట. వెనక్కి తిరిగి పారిపోయేవాడి విషయంలో బాగా కుదించాలి.

ఆఖరుగా మన విసనకర్ర అంచు మీద ఎక్కడో ఒకచోట చిన్న నొక్కు పెట్టండి. ఇది నా సొంత అలవాటు. ఒకసారి రాడార్‌కి కుడిపక్క చూపు తగ్గిందని పైలట్ ఫిర్యాదు రాశాడు. రెండు రోజులు బోర్డులు మార్చి మార్చి చూశాం, అన్నీ బాగానే ఉన్నాయి. మూడోరోజు మా హెల్పర్ రాడార్‌ని కప్పే ముక్కు తొడుగుని వేలితో తడుముతూ ఆగిపోయాడు. రంగు కింద బొటనవేలంత పొక్కు, దాని లోపల సిగ్నల్‌కి అడ్డుపడే తేమ.