లినక్స్‌లో వై-ఫై కనిపించకపోతే
పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) వేసుకోదలచినవారు ముందుగా పెన్‌డ్రైవ్ నుంచే దానిని నడిపి, వై-ఫై, శబ్దం, బ్లూటూత్ పనిచేస్తున్నాయో లేదో చూసుకున్నాకే డిస్కు జోలికి వెళ్లాలి. వై-ఫై గుర్తు రాకపోతే టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే కిటికీలో) ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ ఆదేశానికి ‘-ఎన్‌ఎన్‌కే’ జోడించి (lspci -nnk) నడపండి. వై-ఫై చిప్ పేరు కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అనే వరుస లేదంటే దానికి డ్రైవర్ (చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) అందలేదని అర్థం. బ్రాడ్‌కామ్ చిప్‌లలో ఈ చిక్కు తరచుగా ఎదురవుతుంది. డ్రైవర్ దింపుకోవడానికి ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్‌కు డ్రైవర్ కావాలి. కొత్తవారిని నిజంగా నిస్పృహకు గురిచేసేది ఇదే. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ ఇంటర్నెట్‌ను ల్యాప్‌టాప్‌కు అందించే సదుపాయం) ఆన్ చేస్తే ఆ ముడి విడిపోతుంది. తర్వాత ఉబుంటులోని ‘అడిషనల్ డ్రైవర్స్’లో సూచించినదాన్ని ఎంచుకోండి. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను అడ్డుకునే రక్షణ) ఆన్‌లో ఉంటే, డ్రైవర్ వేసేటప్పుడు పెట్టుకున్న పాస్‌వర్డును రీబూట్‌లో వచ్చే నీలి తెరపై ‘ఎన్‌రోల్ మోక్’ ఎంచుకుని ఇవ్వాలి. ఆ తెరను దాటవేస్తే డ్రైవర్ ఉన్నా కెర్నల్ (లినక్స్ మూలభాగం) దానిని లోడ్ చేయదు.