మూడో సెట్‌లో కళ్లు తిరిగితే

మా జిమ్‌కి పొద్దున్నే 6 గంటలకు వచ్చే ఒకాయన స్క్వాట్స్ మూడో సెట్‌కి రాగానే రాడ్ స్టాండ్ మీద పెట్టేసి బెంచీ మీద కూలబడేవారు. చల్లటి చెమట, చేతుల్లో వణుకు. ప్రోటీన్ తక్కువైందేమో అనుకుని పౌడర్ డబ్బా కొనిపించాను. రెండు వారాలైనా అదే తంతు.

అప్పుడడిగాను, "సార్, రాత్రి ఏం తింటున్నారు?" అని. నిజానికి మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న.

"ఏడున్నరకి రెండు పుల్కాలు. అన్నం మానేశాగా! పొద్దున కాఫీ, అంతే."

అంటే పదిన్నర గంటలు ఖాళీ కడుపుతో ఉండి బరువులెత్తుతున్నారన్నమాట. గట్టి వ్యాయామానికి శరీరం ఎక్కువగా వాడుకునేది పిండిపదార్థాన్నే. నేనేమో ప్రోటీన్ పట్టుకుని కూర్చున్నాను.

ముందు బీపీ, షుగర్ పరీక్ష చేయించుకోమన్నాను. రెండూ మామూలుగానే ఉన్నాయి. రాత్రి కప్పు అన్నం, పప్పు మళ్లీ మొదలుపెట్టించాను. జిమ్‌కి అరగంట ముందు ఒక అరటిపండు, గ్లాసు నీళ్లు. పండులో సుమారు 25 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, పొట్ట బరువుగానూ అనిపించదు. ఇంటికెళ్లాక పెసరట్టు, రెండు గుడ్లు. గుడ్లతోనే 12 గ్రాముల ప్రోటీన్ వచ్చేస్తుంది.

వారం తిరిగేసరికి నాలుగు సెట్లూ పూర్తి చేశారు. ఆ డబ్బా ఇప్పుడు వాళ్లబ్బాయి ఖాళీ చేస్తున్నాడట.